ఎండ వంతు

ఐతారం పదింటికి వచ్చింది
ఇంటర్ సదివే పిల్ల, సంహిత.
మెడల ఓ కార్డు, సంకల సుట్టిన చార్టు,
సంచిల ఇంచీల టేపు, సాక్‌పీసు.
"ఎముకల గురించి రెండు మాటలు చెప్పిపోత" అన్నది.
ఎముకలేంది బిడ్డా, అని అడిగింది లసుంబాయి
చాటల కెల్లి తల ఎత్తకుంట.
పిల్ల నాలిక కరుసుకున్నది.
"అదే... బొక్కలు."

గట్ల చెప్పు.

చార్టు మీద రెండు బొమ్మలు.
ఒకటి తేనెపట్టు లెక్క చిక్కగ,
ఒకటి పురుగు తిన్న తునికాకు లెక్క.
అసొంటి ఆకులు మస్తు సూసినం మేము,
ఎల్తురుకు పట్టి, చిల్లులు సూసి, పక్కకు పడేస్తం.
బొక్కలకు బొక్కలు పడ్తయట.
ముందుగాల నవ్వొచ్చింది.

ఒక్కొక్కల్ని గోడకు ఆని నిలవడుమన్నది.
నెత్తి మీద అట్ట పెట్టి గీత గీసింది.
"ఇరువై ఏండ్ల కింద ఎంత ఎత్తుంటిరి?"
ఎవరికెరుక?
వెయ్యికి ఎన్ని తక్కువైనయో లెక్కవెట్టిన్రు గని
మా ఎత్తు ఎవరు కొలిచిన్రు కోరుట్లల?
గప్పుడు సజ్జ యాదికొచ్చింది నాకు.
పెండ్లైన కొత్తల సజ్జ మీది కారం డబ్బా
మడిమె లేపకుంట అందుకునేదాన్ని.
ఇప్పుడు పీట ఎక్కుతున్న.
ఇన్నొద్దులు సజ్జ పెరిగిందనుకున్ననా ఏంది!
పిల్లకు చెప్తె రాసుకున్నది,
నోటుబుక్కు ఎనుక అట్ట మీద.

తైద అంబలి తాగుండ్రి, నువ్వులు తినుండ్రి,
మునగాకు పప్పుల ఎయ్యిండ్రి, పాలు తాగుండ్రి.
పాలు చాయకే సాలయి.
"పోనీ, పగటీలి ఇరువై నిమిషాలు ఎండల కూసోండ్రి.
ఎండ పుక్యానికే వస్తది గదా."

షాహీన్ ఏమనలె.
తడి గోనెపట్ట కిందికెల్లి ఒక ఆకు తీసింది,
పసిపిల్ల చెవి లెక్క మెత్తటిది.
"దీన్ని తీస్కపోయి వాకిట్ల పెట్టు."
కొంచెం సేపటికి పిల్ల తెచ్చి మలపవోతె
పటుక్కుమన్నది.

"నీడల కూసుంటె మేం పెళుసైతం.
ఎండల కూసుంటె ఆకు పెళుసైతది.
ఏది పెళుసైతె కూలి కోస్తరో నీకెరుకనే."

చార్టుల దానికి జవాబు లేదు.
మెల్లగ సుట్టుకొని, రబ్బరు ఏసుకొని పోయింది.
గోడ మీద మా గీతలు మిగిలినయి,
ఎవరిది ఎవరిదో.

ఇగ రాదనుకున్నం.

మల్ల ఐతారం వచ్చింది, ఉత్త చేతులతోని.
మా నడుమ పీటేసుకొని కూసున్నది.
"ఒక్కొక్కలు బయటికి పొండ్రి.
అప్పటిదాంక మీ పని నేను జేస్త."
జర్దా ముట్టనియ్యలె మేము.
కత్తెరిచ్చి, కొలత రేకిచ్చి, ఆకు కొయ్యుమన్నం.
కోసుకుంట కోసుకుంట చెప్పింది,
బాత్రూంల వాళ్ళ నానమ్మ తుంటి బొక్క సంగతి.
"పడి ఇరుగలేదట అత్తా.
ఇరిగి పడ్డదట."
కత్తెర ఆగింది ఒక్క గడియ.
మల్ల నడిసింది, వంకరగ.
"గీ ఆకు సూస్తె సేటు నన్ను ఎల్లగొడ్తడు"
అని లసుంబాయి తిట్టింది గని
ఆ వంకర ఆకులు పారెయ్యలె,
అంచులు సదిరి తన చాటల్నే ఏసుకున్నది.

నా వంతు వచ్చింది.
వాకిట్ల కూసున్న, రెక్కల మీది కొంగు జరిపి,
పట్టపగలు, ఒడిల చాట లేకుంట.
తొవ్వల పోయేటోళ్ళు సూస్తున్నరు,
దీనికేం రోగం, కాలు సాపుకొని కూసున్నది, అని.
ఈపు మీద ఎండ
కాపడం పెట్టినట్టున్నది.
ఏండ్లయింది ఈపుకు ఏదన్న తాకి.
నా ఏళ్ళు మాత్రం ఆగలె.
లేని ఆకును సుడుతున్నయి,
లేని దారం తెంపుతున్నయి.
సాలు, పోత, అని లేవవోయిన.

లోపటికెల్లి అరిచింది పిల్ల:
"గంగత్తా, ఇంక తొమ్మిది నిమిషాలున్నయి,
కూసో!"